గొట్టంలో ముందే వేసిన ఊరు

నాలుగేళ్ళలో నేను భీమిలికి నలభై ఒక్కసార్లు వెళ్ళాను. సముద్రపు గాలి కోసం కాదు, ఒక పురుగు కోసం. ఒళ్ళో సంచీ, సంచీలో గాజు గొట్టాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చునే ఆడమనిషిగా ఆ రూటు కండక్టర్లందరికీ తెలిసిపోయాను. వాళ్ళలో ఒకాయనకి ఆసక్తి ఆగలేదు.

"ఏటి మేడమ్, పెతి నెలా ఎల్తన్నారు. ఏదైనా మొక్కా?" అన్నాడు.

మెడలో సిలువ చూపించి, "పురుగులు పట్టడానికి" అన్నాను. ఆయన టికెట్టు చింపి ఇచ్చి, ఇంకేమీ అడక్కుండా ముందుకెళ్ళిపోయాడు.

నా పేరు రోజలిన్. ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్‌రూమ్‌లో అంటారు. అబద్ధమని నేనూ అనలేను. కాలేజీ పోగా మిగిలిన జీవితాన్ని రోవ్ బీటిల్స్‌కి ఇచ్చేశాను. అవి పెంకుపురుగుల్లోనే ఒక రకం. మామూలు పెంకుపురుగుకి పెంకు వీపంతా కప్పుతుంది. వీటికి మాత్రం చొక్కా పొట్టయిపోయిన పిల్లాడిలా సగం వీపు బయటే ఉంటుంది. ముట్టుకుంటే తోక పైకెత్తి బెదిరిస్తాయి. నేను చూసే గుంపు సముద్రం ఒడ్డున, అలలు తెచ్చి పడేసిన నాచు కుళ్ళే చోట బతుకుతుంది. నల్లగా, బియ్యపు గింజంత ఉంటాయి.

ఈ గుంపుకి మన తూర్పు తీరంలో నూటపాతికేళ్ళుగా ఎవరెవరో ఏడు పేర్లు పెట్టారు. ఒకరు పెట్టిన సంగతి ఇంకొకరికి తెలియదు. చెన్నపట్నంలో ఒక పేరున్న పురుగే గోపాలపూర్ ఒడ్డుకి వచ్చేసరికి ఇంకో పేరుతో తిరుగుతోంది. ఈ ఏడు పేర్ల వెనకా నిజంగా ఎన్ని జాతులున్నాయి, ఏ జాతి ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉంది, ఇది తేల్చడమే నా పని. ఆరు పేర్లు తేల్చాను. ఆరింటికీ కలిపి ఉన్నవి మూడు జాతులే. ఎక్కువైన మూడు పేర్లని నిశ్చింతగా కొట్టేశాను. ఆ పేర్లు పెట్టినవాళ్ళూ, పెట్టించుకున్నవాళ్ళూ ఎప్పుడో పోయారు.

ఏడో పేరు దగ్గర ఆగిపోయాను. అది అప్పలసూరి పేరు. ఆయన పెందుర్తిలో నిక్షేపంలా ఉన్నాడు.

అప్పలసూరి మా యూనివర్సిటీ ల్యాబ్‌లో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. పురుగుని అట్టముక్క మీద కాళ్ళు విరక్కుండా అంటించడం నాకు నేర్పింది ప్రొఫెసర్ కాదు, ఆయనే. ఆ ప్రొఫెసర్ మా గురువుగారు అచ్యుతరామయ్య సారు. అప్పట్లో కొత్త జాతి దొరికితే పై అధికారి పేరు పెట్టి మంచి చేసుకోవడం అలవాటు. సారు మాత్రం 1991లో తనకి దొరికిన కొత్త జాతికి, దాన్ని పట్టుకొచ్చిన అటెండరు పేరు పెట్టారు. భీమిలి ఒడ్డున, 1988 నవంబరు 17న, సేకరించినవారు అప్పలసూరి అని అచ్చయింది. డిపార్టుమెంటులో కొందరు మూతులు ముడుచుకున్నారట. సారు పట్టించుకోలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

చిక్కల్లా ఏమిటంటే, సారు దగ్గరున్నది ఒకే ఒక్క పురుగు. అదీ ఆడది. ఈ గుంపులో జాతిని ఖాయంగా చెప్పాలంటే మగ పురుగు పొట్ట చివరి అవయవం చూడాలి. తాళానికో తాళంచెవిలా జాతికో ఆకారం దానికి. ఆడదాంట్లో ఉన్న తేడా ఒక్కటే: మెడ వెనక పలక మీద రెండు వరసల్లో సన్నటి గుంటలుంటాయి. ఒడ్డు పొడుగునా దొరికే మామూలు జాతికి వరసకి నాలుగు. అప్పలసూరి పురుగుకి అయిదు. ప్రాగ్‌లో ఈ గుంపు గురించి ప్రపంచంలోనే బాగా తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, ఈ పనిలో నాకు తోడు. ఆయన మెయిల్లో మర్యాదగానే రాశారు: "ఒక మనిషికి ఆరో వేలుందని కొత్త జాతి అనం కదా. భీమిలిలో నాలుగేళ్ళు వెతికావు. మామూలు జాతి తప్ప రెండోది దొరకలేదు. ఆ ఒక్కటీ పుట్టుకతో తేడా ఉన్న మామూలు పురుగే. పేరు కొట్టేద్దాం."

ఆయన మాటలో తప్పు లేదు, అదే నా బాధ. రాత్రుళ్ళు నిద్రలో కూడా వాదించాను, ఓడిపోయాను. పేపరు పంపాల్సిన గడువు ఫిబ్రవరి నెలాఖరు. జనవరి మొదటివారంలో పెందుర్తి బయల్దేరాను. పోస్టులో వచ్చిన కాగితం చూసి తెలుసుకోవడం కన్నా ఆయన నా నోటివెంట వినడం నయమనుకున్నాను.

*

అప్పలసూరి ఇంట్లో ముందుగదిలో రెండు ఫోటో ఫ్రేములుంటాయి. ఒకటి కూతురు ధనలక్ష్మి పెళ్ళి ఫోటో. రెండోది సారు పేపర్లో పురుగు బొమ్మ ఉన్న పేజీ. రెండింటికీ ఒకే సైజు ఫ్రేము కట్టించాడు. ఆ వీధి పిల్లలు ఆయన్ని పురుగు తాత అంటారు, ఆయనా పలుకుతాడు.

"రా రోజమ్మా, రా. ఏటి సన్నబడిపోనావు? ఇదిగో, టీ ఎట్టు, పంచదార బాగా ఎయ్యి," అని లోపలికి కేకేశాడు. భార్య జోగమ్మ పిన్ని వంటింట్లోంచే, "నాకు తెలీదేటి పిల్ల ఏటి తాగుద్దో," అని బదులిచ్చింది.

బస్సులో అంతసేపు కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఒకే ఆడ పురుగు, అయిదు గుంటలు, భీమిలిలో నాలుగేళ్ళు, ప్రాగ్ పెద్దాయన మాట.

ఆయన శ్రద్ధగా విన్నాడు, ల్యాబ్‌లో సారు మాట విన్నట్టే.

"అయితే నా పేరు తీసెత్తారా?"

"తీసెయ్యడమని కాదు బాబాయ్. పాత పేరు కింద చేరుస్తారు. పుస్తకాల్లో ఉంటుంది, చిన్న అక్షరాల్లో..."

"అంటే తీసెత్తారనే కదా."

"అవును."

కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. నాకు ఏడుపొచ్చేలా ఉంది, వస్తే కోపంగా మారుతుందని తెలిసి టీ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాను.

"భీమిలంతా సూసేవా?" అన్నాడు తుడుస్తూనే.

"నలభై ఒక్కసార్లు వెళ్ళాను బాబాయ్. ఒడ్డున నాచుపోగు కనబడితే వదల్లేదు."

జోగమ్మ పిన్ని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో పంచదార డబ్బా అలాగే ఉంది.

"నలభై కాదు, నాలుగొందలసార్లు ఎల్లినా భీమిల్ల ఏటి దొరుకుద్ది? ఇదిగో, నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?"

"నువ్వు నోర్ముయ్యే."

"ముయ్యను. ముప్పై అయిదేల్లు మూసేను. ఆ పిల్ల బస్సుల్ల తిరిగి తిరిగి అరిగిపోతంటే ఇంకేటి దాత్తావ్? అమ్మా రోజా, ఆ రోజు ఈయన భీమిలి ఎల్తే కదా!"

నాకు అర్థం కాలేదు. "పురుగుతో ఉన్న చీటీ మీద భీమిలి అనే ఉంది కదా పిన్నీ. సారు చేతిరాత," అన్నాను.

"సారు రాతే," అన్నాడు అప్పలసూరి. "ముందురోజు సాయంత్రం రాసిందే."

అప్పుడు అర్థమైంది. మా ల్యాబ్ పద్ధతి అది. తడి చేతులతో, ఒడ్డున గాలిలో చీటీలు రాస్తే అక్షరాలు కుదరవని సారు ముందురోజే కూర్చుని, సిరా ఆరాక ఒక్కో గొట్టంలో ఒక్కో చీటీ వేసి, సగానికి స్పిరిట్ పోసి బిరడా పెట్టేవారు. ఊరు, తేదీ, సేకరించినవారి పేరు, అన్నీ ముందే. వెళ్ళినవాడి పని పురుగుని లోపల వెయ్యడమే. ఆ పద్ధతి మా అందరికీ వంటబట్టింది, నేనూ ఇవాళ్టికీ అలాగే చేస్తాను.

"పొద్దున్నే గొట్టాల సంచీ అట్టుకుని యూనివర్సిటీ గేటు దాటతన్నాను," అన్నాడాయన నెమ్మదిగా. "మా బావమరిది సైకిలేసుకుని ఎదురొచ్చీసినాడు. 'బావా, రాత్రి పన్నెండు దాటినాక ఆడపిల్ల పుట్టింది, అక్కకి జొరం, బేగి రా' అన్నాడు. జోగి పురిటికని కన్నోరింటికి ఎల్లింది. అప్పికొండకి ఇవతల, గెడ్డ సంద్రంల కలిసే కాడ ఈల్ల ఊరు. నాను భీమిలి బస్సు ఎక్కనేదు రోజమ్మా. గాజువాక బస్సెక్కీసినాను."

"వచ్చీటప్పటికి ఒల్లంతా సెమటలు," అంది జోగమ్మ.

"పిల్లని సూసేను. దీనికి జొరం తగ్గింది. మద్దేన్నం గుర్తొచ్చింది, గొట్టాలు కాళీగా ఉన్నాయని. అప్పటికి నాకు పెర్మనెంటు కూడా అవ్వనేదు. సారు అడిగితే ఏటి సెప్పను? గెడ్డకాడ నాచు పోగులున్నాయి. సంద్రం సంద్రమే కదా, నాచు నాచే కదా అనుకుని నింపీసినాను. సీటీ ఎలాగూ లోపలే ఉన్నాది."

"తర్వాతైనా చెప్పొచ్చు కదా బాబాయ్!"

"మూడేల్లకి సారు పిలిచి, 'సూరీ, నీ పేరెట్టేను' అన్నారు. ఆ కాగితం సేతిల ఎట్టినారు. అప్పుడెలగ సెప్పను? సారు పోయిననాడు కాల్లకాడ నిలబడి సెప్పీద్దామనుకున్నాను. నోరు రానేదు."

నలభై ఒక్క బస్సులు, నాలుగు ఎండాకాలాలు, నాచు కంపుతో ఇంటికొస్తే మా అమ్మ దీవెనమ్మ గుమ్మంలోనే ఆపి బకెట్టు నీళ్ళు పోసిన సాయంత్రాలు, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి.

"నాలుగేళ్ళు బాబాయ్!" అని అరిచాను. "నాలుగేళ్ళు తప్పు ఒడ్డు మీద తిరిగాను! ప్రతి నెలా ఫోన్ చేసి 'దొరికిందా రోజమ్మా' అని అడిగేవాడివి కదా, అప్పుడైనా ఒక్క ముక్క అనలేకపోయావా?" పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. ఆవిణ్ణి కూడా కసిరినట్టే చూశాను. లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "సీటీ తప్పని తెలిత్తే పేరు తీసెత్తారని బయమేసింది," అన్నాడు. "అబద్దపు సీటీ మీద ఎట్టిన పేరు ఉంచుతారేటి ఎవులైనా?"

నా కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ముప్పై అయిదేళ్ళుగా ఈ మనిషి మోస్తున్న భయం ఇదా!

"బాబాయ్, చోటు తప్పయితే పేరు పోదు," అన్నాను. "రూలు అది. తప్పని తెలిస్తే చోటు దిద్దుతారు. పేరు జోలికి ఎవరూ రారు."

"నిజవా?"

"నిజం. పురుగు వేరే జాతైతే పేరు ఉంటుంది. మామూలు జాతైతే పోతుంది. భీమిలికీ దానికీ సంబంధం లేదు."

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. జోగమ్మ పంచదార డబ్బా కింద పెట్టి, ఆయన వీపు మీద ఒక చెయ్యేసి, "సూసేవా, అప్పుడే సెప్పీమన్నాను," అంది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

నేను లేచి నిలబడ్డాను. "పిన్నీ, ఆ గెడ్డ ఇంకా ఉందా?"

"ఊరు పోనాది. మనుసులు తలోదిక్కు పోనారు. గెడ్డెక్కడికి పోద్ది?"

*

ఆ వారాంతం నలుగురం వెళ్ళాం. ధనలక్ష్మి ఉక్కునగరంలో ఉంటుంది, అక్కడి బళ్ళో టీచరు, భర్తది ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. కారు తనే నడిపింది. తన పుట్టుక వల్ల ఒక పురుగు అడ్రస్ తారుమారైందని తెలిసినప్పట్నుంచీ తండ్రిని వదలడం లేదు. "నాన్నా, నన్ను చూడ్డానికి డ్యూటీ ఎగ్గొట్టావా? నువ్వా? నాకు జొరమొచ్చినా బడి మానిపించనోడివి!" అని దారంతా నవ్వుతూనే ఉంది. అప్పలసూరి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు.

ఒడ్డుకి చేరగానే నా ఉత్సాహం నీరుగారిపోయింది. గెడ్డ వాగు ఉంది, ఇసుక ఉంది, ఆరేసిన వలలున్నాయి, నాచు మాత్రం పిసరంత లేదు. ఊడ్చిన వాకిలిలా ఉంది. అటూ ఇటూ అర కిలోమీటరు నడిచాను. అప్పలసూరి నా వెనకే వచ్చాడు.

"అప్పుడిక్కడే ఉన్నాయి. నడుం ఎత్తు పోగులు," అంటున్నాడు. తను చెప్పేది నేను నమ్మడం లేదేమోనని ఆయనకి బెంగ.

జోగమ్మ మాత్రం ఇసుకలో చెప్పులు విడిచి, చీర పైకి దోపుకుంటోంది. "గాలి ఈ ఏపునుంచి కొడతంటే నాచు ఇక్కడెందుకుంటాది? బండ అవతలుంటాది. సిన్నప్పుడు కొబ్బరి మొక్కలకెయ్యడానికి గంపలకి గంపలు మోసీవోల్లం. రండి," అని గెడ్డలోకి దిగిపోయింది. మోకాలి లోతు నీళ్ళు. మేం ముగ్గురం ఆవిడ వెనకాలే దిగాం.

బండ దాటకముందే వాసన తగిలింది. కుళ్ళిన నాచు వాసన. ప్రపంచంలో ఎవరికీ ఇష్టముండని ఆ కంపుకి నాకు ప్రాణం లేచొచ్చింది. బండ వెనక, అలలు పూర్తిగా అందని మూలలో, గోధుమరంగు పోగులు వరసగా పడి ఉన్నాయి.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, రబ్బరు గొట్టంతో పురుగుల్ని ఒక్కొక్కటిగా సీసాలోకి పీల్చడం మొదలుపెట్టాను. అప్పలసూరి కాసేపు చూశాడు.

"అలగైతే సాయంత్రానికి పది. ధనా, బకెట్టు తే," అన్నాడు. బకెట్టులో సముద్రపు నీళ్ళు నింపి, రెండు చేతులతో నాచు ఎత్తి అందులో ముంచాడు. ఒక్క నిమిషం. నల్లటి పురుగులు బిలబిలా పైకి తేలి, నీటి మీదే పరుగులు తీశాయి. తడి బ్రష్షు కొనతో అంటించి తీస్తున్నాడు. ఆ వేళ్ళు అప్పుడు మాత్రం ఇరవయ్యేళ్ళ కిందటి వేళ్ళే.

"గొట్టం," అని చెయ్యి చాపాడు. సంచీలోంచి తీసిచ్చాను. బిరడా తియ్యబోయి ఆగిపోయాడు. గొట్టాన్ని వెలుగుకి ఎత్తి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"రోజమ్మా, ఇదేటి?"

లోపల చీటీ ఉంది. నా చేతిరాత. 'భీమిలి', కింద డిసెంబరు తేదీ. నలభై ఒకటోసారి వాడగా మిగిలిన గొట్టాలు. అలవాటు ప్రకారం ముందే వేసుకున్న చీటీలు, సంచీ కూడా విప్పకుండా అలాగే తెచ్చేశాను. ఆయన ఇంట్లో అంత అరిచిన దాన్ని! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు జోగమ్మ నవ్వింది. తర్వాత ధనలక్ష్మి. నవ్వు ఆపుకోలేక బండకి ఆనుకుంది. నేనూ నవ్వాను, కళ్ళు మాత్రం మండాయి. అప్పలసూరి ఒక్కడే నవ్వలేదు. పట్టకారుతో గొట్టం గొట్టంలోంచీ చీటీ లాగి, తడి చీటీలన్నీ కూతురి అరచేతిలో పెట్టాడు. ఎనిమిది.

"నింపినాక రాద్దారి," అన్నాడు.

నింపాక చేతులు తెల్లచొక్కాకే తుడుచుకుని, నా నోటు పుస్తకంలోంచి చిన్న ముక్కలు చింపి, పెన్సిలుతో తనే రాశాడు. ఏ చోటో, ఏ రోజో. పెన్సిలు రాత స్పిరిట్‌లో చెరగదని సారుకి కూడా తెలుసు, కాకపోతే ఆయనకి సిరా అంటే మోజు. ఒడ్డున గాలికి అక్షరాలు వంకరపోయాయి. వంకరగానే గొట్టాల్లో వేశాం.

*

సోమవారం మధ్యాహ్నం యూనివర్సిటీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. అప్పలసూరి పక్కన స్టూలు మీద. ముప్పై ఏళ్ళకి పైగా తుడిచిన బల్ల ముందు చుట్టంలా కూర్చోవడం ఆయనకి ఇబ్బందిగా ఉంది. రెండుసార్లు లేచి తుడవబోయాడు, కసిరి కూర్చోబెట్టాను.

మొత్తం ఇరవై మూడు పురుగులు. మొదటిది, నాలుగు గుంటలు. రెండోది నాలుగు. మూడోది, నాలుగోది, అయిదోది. ప్రతిసారీ ఆయన నా మొహం వంక చూస్తున్నాడు, నేను పక్కన పెడుతున్నాను. తొమ్మిదోదాకా అన్నీ మామూలు జాతే. ఈయన్ని ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చానా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఫోన్‌లో చెబితే సరిపోయేది.

పదోది పెట్టాను. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"అయిదు," అన్నాను.

ఆయన స్టూలు అంచుకి జరిగాడు.

పదకొండోది అయిదు. పన్నెండోది నాలుగు. పదమూడోది అయిదు. చివరికి అయిదు గుంటలవి ఎనిమిది తేలాయి. ఎనిమిది మందికి ఆరో వేలుండదు. అయినా అది చాలదు. మగది కావాలి. ఎనిమిదింట్లో మగవి మూడు. ఒకదాని పొట్ట చివర సూదితో మెల్లగా తెరిచాను. మామూలు జాతికి ఆ అవయవం కొన చెంచాలా గుండ్రంగా ఉంటుంది. దీనికి కొన రెండుగా చీలి ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

మైక్రోస్కోపు ముందునుంచి లేచి ఆయనకి చోటిచ్చాను. ఆయన ఒంగి చూశాడు. సర్దుకుని, మళ్ళీ చూశాడు.

"ఈడు మగోడా?"

"మగోడే బాబాయ్. వేరే జాతి. నీ పేరు నిలబడింది."

"ఇన్నాల్లూ నా పేరెట్టుకున్న మగోణ్ణి నాను సూణ్ణేలేదు," అన్నాడు. కన్ను ఇంకా అద్దానికే ఆనించి ఉంది. భుజాలు కదులుతున్నాయి. నేను ఏడ్చాను, బాగానే ఏడ్చాను, ల్యాబ్‌లోకి వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి బయటికి పారిపోయింది.

ఫోటోలూ, పాత చీటీలో ఊరు తప్పన్న సంగతీ ప్రాగ్‌కి పంపితే, గంటలో జవాబొచ్చింది. 'నేను తప్పు, మీ గురువుగారు ఒప్పు. పేరు ఉంటుంది. ఈ జాతి ఆ గెడ్డ మూల ఒక్కచోటే ఉందా, ఇంకా దక్షిణాన ఉందా చూడాలి, ఆ పని నీదే. అయితే అసలు నమూనా చీటీలో ఊరు తప్పని ఎలా తెలిసింది? కారణం, రుజువు పేపర్లో రాయాలి.'

చదివి వినిపించాను. అప్పలసూరి ముఖం మళ్ళీ చిన్నబోయింది. "రాత్తే సారుకి మచ్చ కదా?" అన్నాడు.

"రాయకపోతే రేపు ఇంకో పిల్ల నలభైసార్లు భీమిలి వెళ్తుంది బాబాయ్."

ఆ మాట ఆయనకి తగిలింది.

"అయితే రాయి. తప్పు నాది, సారుది కాదని రాయి. ఊరికే ఎగ్గొట్టి తిరగనేదని కూడా రాయి. ఎందుకెల్లేనో రాయి."

రాశాను. పేపర్లో రుజువు కింద ధనలక్ష్మి పదో తరగతి సర్టిఫికెట్ పెట్టాను, పుట్టిన తేదీ 1988 నవంబరు 17. సారు చీటీ మీద ఉన్న తేదీ అదే. పురుగుల పేపర్లో ఒక పిల్ల పుట్టినరోజు రుజువుగా వెళ్ళడం నేనైతే ఎక్కడా చూడలేదు.

పేపరు పంపేముందు ఇంకో పని మిగిలింది. అసలు నమూనా పెట్టె తెరిచాం. పిన్నుకి పైన పురుగు, కింద సారు చీటీ, ముత్యాల్లాంటి అక్షరాలు. అప్పలసూరి దాన్ని లాగెయ్యడానికి పట్టకారు అందుకున్నాడు.

"తియ్యకూడదు బాబాయ్. తప్పు చీటీ అయినా ఉండాల్సిందే. దాని కిందే కొత్తది గుచ్చుతాం. నువ్వే రాయి," అని కాగితం, పెన్సిలు ఇచ్చాను.

పట్టకారు పక్కన పెట్టాడు. చాలాసేపు రాశాడు. మధ్యలో ఒకసారి జోగమ్మకి ఫోన్ చేసి గెడ్డ పేరు అడిగాడు. ఇచ్చిన ముక్క చాలక ఇంకోటి అడిగి మళ్ళీ రాశాడు. నాకు ఇచ్చేటప్పుడు, "సిన్నగా రాయడం మర్చిపోయాను," అన్నాడు.

'పై చీటీలో ఊరు తప్పు. తేదీ, పేరు ఒప్పు. ఆ దినం నేను భీమిలి వెళ్ళలేదు. అప్పికొండ ఇవతల జోడుబండల గెడ్డ దగ్గర ఉన్నాను. పాప పుట్టింది. చూడ్డానికి వెళ్ళాను. సారూ, క్షమించండి. — అప్పలసూరి.'

చీటీ మామూలు కన్నా నాలుగు రెట్లు పెద్దది. కత్తిరించడానికి నాకు మనసొప్పలేదు. రెండు మడతలు పెట్టి, సారు చీటీ కింద గుచ్చి, మూత పడేలా పిన్నుని కాస్త లోతుగా దించి పెట్టె మూశాం.